పెద్దాసుపత్రిలో గాలి లెక్క

కర్నూలు పెద్దాసుపత్రికి ఒక్క కర్నూలు జిల్లావాళ్లే రారు. నంద్యాల నుంచి, తుంగభద్ర దాటి గద్వాల నుంచి, కర్ణాటకలోని రాయచూరు, బళ్లారి పల్లెల నుంచి కూడా వస్తారు. కడప రిమ్స్‌ సంగతీ అంతే. పులివెందుల, జమ్మలమడుగు, బద్వేలు బస్సులు దిగినవాళ్లంతా ఓపీ చీటీల వరుసలో కలుస్తారు. డాక్టరు ఉన్నాడా, మంచం దొరుకుతుందా, మందులు లోపలే ఇస్తారా అని అందరూ అడుగుతారు. ఆ హాల్లో గాలి ఆడుతోందా అని అడిగేవాళ్లు అరుదు.

మనిషి రోజుకు సుమారు 10 వేల లీటర్ల గాలి పీల్చి వదులుతాడు. నీళ్లు కాచి తాగుతాం, సూది కొత్తదా అని చూసుకుంటాం. గాలి దగ్గరికొచ్చేసరికి ఎంచుకునే వీలుండదు. పక్క మంచం మనిషి వదిలిందే మనం పీల్చాలి. అందుకే ఆసుపత్రిలో గాలి మార్పిడి అనేది సౌకర్యం కింద లెక్క కాదు, వైద్యంలో భాగం. రాయలసీమలాంటి ఎండ ప్రాంతంలో దీన్ని ఎలా సాధించాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఏసీ ఒక్కటే కాదు.

దగ్గు తర్వాత ఏం జరుగుతుంది

వంటింట్లో ఎండుమిరపకాయలతో పోపు పెడితే ముందుగదిలో కూర్చున్నవాడు దగ్గుతాడు. పోపు గిన్నె దించేసినా ఘాటు వెంటనే పోదు. తలుపులు మూసి ఉంటే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. క్షయ రోగి దగ్గు కూడా గదిలో అలాగే పరుచుకుంటుంది. తేడా ఒక్కటే. పోపు ఘాటు ముక్కుకు తెలుస్తుంది, ఇది తెలియదు.

దగ్గినప్పుడు వచ్చే తుంపర్లలో పెద్దవి ఒకటి రెండు మీటర్లలోపే నేలమీద పడిపోతాయి. చిన్నవి గాల్లోనే తడారిపోయి, ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి ఐదు మైక్రాన్ల దాకా ఉండే నలుసులుగా మిగులుతాయి. అవి గంటల తరబడి తేలుతూ, పీల్చినప్పుడు ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. క్షయ సోకేది ఇలాగే. తట్టు, కోవిడ్ కూడా గాలి ద్వారా అంటుకుంటాయి. కాబట్టి మూడడుగుల దూరంలో కూర్చున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. గది మూసి ఉంటే ఆ మూలన ఉన్నవాడికీ ముప్పే.

క్షయ ఇలా గాలి ద్వారా సోకుతుందని 1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ, విలియం వెల్స్ అనే శాస్త్రవేత్తలు రుజువు చేశారు. ఆరు మంచాల క్షయ వార్డులోంచి బయటికి పోయే గాలిని గొట్టాల ద్వారా పైనున్న గదిలోని గినీ పందులకు అందించారు. ఆ జంతువులు రోగులను తాకలేదు, చూడలేదు. అయినా వాటిలో కొన్నింటికి క్షయ సోకింది. అదే గాలిని అతినీలలోహిత దీపాల మీదుగా పంపి ఇచ్చిన గినీ పందులకు సోకలేదు. రోగాన్ని మోసింది గాలేనని అలా తేలింది.

గంటకు ఎన్నిసార్లు మారాలి

ఇంజనీర్లు గాలి మార్పిడిని ఒక లెక్కతో కొలుస్తారు. గదిలో పట్టే గాలి ఎంతో, గంటలో అంత బయటి గాలి ఎన్నిసార్లు లోపలికి వచ్చిందో చూస్తారు. గంటకు రెండు మార్పిడులే ఉంటే, గాల్లో ఉన్న నలుసుల్లో 99 శాతం పోవడానికి 2 గంటల 18 నిమిషాలు పడుతుంది. ఆరు మార్పిడులైతే 46 నిమిషాలు, పన్నెండైతే 23 నిమిషాలు. దగ్గే రోగి బయటికి వెళ్లిపోయిన గదిలోకి తరువాతి రోగి రెండు నిమిషాల్లో వచ్చి కూర్చుంటాడని గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు అర్థమవుతుంది.

కేంద్ర ఆరోగ్య శాఖ 2010లో గాలి ద్వారా సోకే రోగాల నియంత్రణకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపీ గదుల్లో, చీటీలిచ్చే చోట గంటకు కనీసం 6 మార్పిడులు, మందులకు లొంగని క్షయ వార్డులు, హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లాంటి ముప్పు ఎక్కువున్న చోట 12కు పైగా ఉండాలని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో మరోలా లెక్కగట్టింది. కిటికీల గాలి మీద ఆధారపడే మామూలు వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్లు, గాలి ద్వారా సోకే జబ్బున్నవాళ్ల గదిలో 160 లీటర్లు రావాలంది.

ఇవి ఎక్కడివో అంకెలు అనిపించకుండా ఒక గదిని తీసుకుందాం. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తున్న ఓపీ గది. దాన్లో 34 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఒక గోడకు నాలుగడుగుల చదరపు స్లైడింగ్ కిటికీ, ఎదురు గోడకు తలుపు. స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి గాలి దూరే జాగా 8 చదరపు అడుగులు, అంటే 0.74 చదరపు మీటర్లు. బయట గాలి సెకనుకు అర మీటరు వేగంతో, అంటే చెట్టు ఆకు కూడా సరిగా కదలనంత నెమ్మదిగా వీస్తోందనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూత్రం ప్రకారం 0.65ను గాలి వేగంతో, చిన్న తెరపి వైశాల్యంతో, 3,600తో గుణించి, గది పరిమాణంతో భాగించాలి. వచ్చేది గంటకు 25 మార్పిడులు. ప్రభుత్వం అడిగిన దానికి నాలుగు రెట్లు. కరెంటు ఖర్చు సున్నా.

ఇప్పుడు అదే కిటికీ మూసి, గోడకు స్ప్లిట్ ఏసీ పెట్టండి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ అదే గదిలోకి వదులుతుంది. బయట ఉన్న పెట్టె వేడిని బయటికి తోస్తుందే తప్ప గాలిని లోపలికి తేదు. తలుపు సందుల్లోంచి వచ్చేది తప్ప కొత్త గాలి ఉండదు. గది చల్లగా ఉంటుంది, గాలి మాత్రం పాతదే. సీలింగ్ ఫ్యాను పని కూడా కలియతిప్పడమే. కిటికీ తెరిచి ఉంటే అది మేలు చేస్తుంది, మూసి ఉంటే ఒక మూలనున్న నలుసుల్ని అన్ని మూలలకూ పంచుతుంది.

పాత కట్టడాలు గెలిచిన చోటు

2007లో పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం ఒకటి వెలువడింది. 1950కి ముందు కట్టిన, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న వార్డుల్లో కిటికీలు తెరిస్తే గంటకు సగటున 40 మార్పిడులు జరిగాయి. తరువాతి కాలంలో కట్టినవాటిలో 17. యంత్రాలతో గాలి ఆడించే కొత్త గదుల్లో 12 మాత్రమే. చికిత్స మొదలుకాని క్షయ రోగులతో 24 గంటలు గడిపితే ఎంతమందికి సోకవచ్చో పరిశోధకులు అంచనా కట్టారు. యంత్రాల గదుల్లో 39 శాతం, పాత వార్డుల్లో 11 శాతం. ఖరీదైన గదికన్నా పాత వార్డు భద్రమని తేలింది.

ఈ పాఠానికి సీమలోనే ఒక పాత సాక్ష్యం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైంది. మిషన్లు కలిసి కట్టిన ఆ ఆసుపత్రికి మొదటి సూపరింటెండెంటు డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. క్షయకు మందే లేని కాలమది. పొడి వాతావరణం, మెట్ట గాలి, విశ్రాంతి, మంచి తిండి, ఇవే చికిత్స. దేశంలో బీసీజీ టీకా తొలి అడుగులు పడిందీ 1948లో మదనపల్లెలోనే.

తరువాత కథ మారింది. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన, సరైన మందులు వాడితే ఇంట్లో ఉండి కూడా క్షయ నయమవుతుందని చూపించింది. శానిటోరియాల అవసరం తగ్గింది. రోగిని నయం చేసేది గాలి కాదు, మందు అని తేలిపోయింది. అది నిజమే. అయితే ఆ తీర్పులో ఒక సంగతి మరుగున పడింది. గాలి రోగిని నయం చేయకపోవచ్చు, పక్కవాడికి రోగం రాకుండా మాత్రం కాపాడుతుంది. మందుల మీద నమ్మకం పెరిగే కొద్దీ ఆసుపత్రి కప్పులు కిందికి దిగాయి, కిటికీలు చిన్నవయ్యాయి, పైన ఉండే వెంటిలేటర్లకు అట్టముక్కలు అడ్డం పడ్డాయి.

కిటికీ మూయడానికి కారణాలు

కిటికీ తెరవమని బోర్డు రాసి పెట్టడం తేలిక. మూసినవాళ్ల కారణాలు వింటేనే పని జరుగుతుంది. మే నెల మధ్యాహ్నం కర్నూలులో 41, 42 డిగ్రీల వడగాలి మంచం మీద పడుకున్న ముసలాయన మొహాన కొడుతుంటే, తోడుగా వచ్చిన కూతురు కిటికీ వేసేస్తుంది. ఆమెను తప్పు పట్టలేం. ఆషాఢం గాలులు మొదలైతే దుమ్ము లేస్తుంది, కేసు షీట్లు ఎగిరిపోతాయి, సిస్టరు వచ్చి కిటికీ మూస్తుంది. సాయంత్రమైతే దోమలు. రాత్రి కుక్కలు, దొంగల భయం. పావురాలు సరేసరి.

దుమ్ము సంగతి కొట్టిపారేయదగింది కాదు. దేశంలో గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేక 2019 నాటి జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో చేరిన నగరాల్లో కర్నూలు, కడప రెండూ ఉన్నాయి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల వైపు నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు. రాతి పొడి పీల్చి సిలికోసిస్ బారిన పడిన కార్మికుడికి క్షయ సోకే ముప్పు మామూలు మనిషికన్నా చాలా ఎక్కువ. అతను ఛాతీ వైద్యుడి ఓపీకి వచ్చేది ఎలాగూ దగ్గుతూనే. అలాంటి ఊరి ఆసుపత్రిలో బయటి దుమ్ముకూ లోపలి క్రిములకూ మధ్య తూకం వేయాల్సి వస్తుంది. వార్డులోనూ ఓపీలోనూ తూకం క్రిముల వైపే మొగ్గుతుంది. దుమ్ము కొన్ని గంటలు లేస్తుంది. దాన్ని చెట్లతో, తడిగుడ్డ తుడుపుతో, గాలివాటానికి ఎదురున్న కిటికీ కాసేపు ఓరగా వేసి తగ్గించుకోవచ్చు. దగ్గే రోగి రోజంతా ఉంటాడు.

దోమలకు జాలీ పెట్టాల్సిందే. జాలీ కొంత గాలిని ఆపుతుంది. దుమ్ము పట్టి మూసుకుపోయిన జాలీ అయితే గోడతో సమానం. జాలీ పెట్టిన చోట కిటికీ తెరపి పెద్దదిగా ఉండాలి, జాలీని తరచూ కడగాలి.

పొడి గాలి ఇచ్చే వెసులుబాటు

ఇక్కడే రాయలసీమకు కోస్తాకు లేని సదుపాయం ఒకటుంది. ఎండాకాలం మధ్యాహ్నం కర్నూలు, కడపల్లో గాల్లో తేమ 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. పొడి గాలి నీటిని త్వరగా ఆవిరి చేస్తుంది, ఆవిరయ్యేటప్పుడు వేడిని కోల్పోతుంది. 41 డిగ్రీల గాలి మంచి కూలరు గుండా వస్తే 29, 30 డిగ్రీలకు దిగుతుంది. ఉక్కపోతకు పేరుపడ్డ విజయవాడలో కూలరు ఇంతగా పనిచేయదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, కిటికీలో బిగించిన కూలరు బయటి గాలినే లోపలికి తోస్తుంది. అంటే చల్లదనం, కొత్త గాలి రెండూ ఒకే యంత్రంతో. దానికి షరతు ఒకటే. ఎదుటి గోడకు కిటికీనో ఎగ్జాస్టో తెరిచి ఉండాలి. లోపలికి వచ్చిన గాలికి పోయే దారి లేకపోతే కొత్త గాలి రాదు, ఉక్క పెరుగుతుంది. కూలరును గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తే అది ఏసీ చేసిన తప్పే చేస్తుంది. కోవిడ్ మొదలయ్యాక 2020 ఏప్రిల్‌లో మన దేశపు ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. కూలరు బయటి గాలినే లాగాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, గదిలో తేమ 40 శాతానికి తగ్గకూడదు. మరీ పొడి గాలికి ముక్కులోని తడిపొర ఎండి, క్రిములను ఆపే శక్తి తగ్గుతుంది.

కూలరుకు రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి నీరు. పెద్ద కూలరు గంటకు 20 లీటర్లు తాగుతుంది. ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో అది చిన్న లెక్క కాదు. పైగా బోరు నీటి ఉప్పు గడ్డి ప్యాడ్ల మీద పేరుకుంటుంది. రెండోది దోమ. ట్యాంకులో నీళ్లు వారం దాటి నిలిస్తే డెంగీ దోమ పుడుతుంది. వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టే మనిషిని పెట్టలేని ఆసుపత్రి కూలరు పెట్టకపోవడమే మంచిది.

సీమ మిద్దెల కప్పులో ఉండే గవాచి అనే కంత చేసే పని కూడా గుర్తు చేసుకోవాలి. వేడి గాలి పైకి లేస్తుంది, కప్పులో సందుంటే బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లగాలి వస్తుంది. పాత వార్డుల్లో కప్పు కింద ఉండే వెంటిలేటర్లూ దీనికే. లోపల వేడిగా, బయట చల్లగా ఉన్న రాత్రివేళ ఇది బాగా పనిచేస్తుంది. పగటికీ రాత్రికీ 13, 14 డిగ్రీల తేడా ఉండే చోట రాత్రంతా గాలి ఆడిస్తే మందమైన గోడలు చల్లబడి మరుసటి మధ్యాహ్నం దాకా వార్డును కాస్తాయి. కప్పు మీద తెల్ల సున్నం పూస్తే వేడి ఇంకా తగ్గుతుంది. వేడి తగ్గిన వార్డులో కిటికీ మూసే అవసరమూ తగ్గుతుంది.

గాలి కదలని రోజుల్లో, ముఖ్యంగా డిసెంబరు రాత్రుల్లో, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేయాలి. ఫ్యానును కిటికీ పక్కనే బిగిస్తే ఆ కిటికీ గాలినే లాగి బయటికి పారేస్తుంది, గది అవతలి మూల అలాగే ఉండిపోతుంది. కిటికీకి ఎదుటి గోడ దాని చోటు.

ఏసీ తప్పని గదులు

అన్ని గదులకూ కిటికీ వైద్యం పనికిరాదు. ఆపరేషన్ థియేటర్లో కోసిన గాయం తెరిచి ఉంటుంది, అక్కడికి దుమ్ము రాకూడదు. ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల ప్రకారం అక్కడ గంటకు కనీసం 20 మార్పిడులు ఉండాలి, అందులో 4 బయటి నుంచి తెచ్చిన తాజా గాలి కావాలి. ఆ గాలి, 0.3 మైక్రాన్ల నలుసుల్ని కూడా 99.97 శాతం ఆపే హెపా ఫిల్టరు గుండా రావాలి. థియేటర్ లోపల గాలి ఒత్తిడి వరండాకన్నా కొంచెం ఎక్కువ ఉంచుతారు. తలుపు తీసినప్పుడు గాలి లోపలి నుంచి బయటికి పోతుందే తప్ప బయటిది లోపలికి రాదు. గాలితో సోకే జబ్బున్న రోగిని ఉంచే ఐసొలేషన్ గదికి లెక్క తిరగబడుతుంది. అక్కడ ఒత్తిడి తక్కువ ఉండాలి, గది గాలి వరండాలోకి రాకూడదు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే యంత్రం ఎంత మంచిదైనా కీడే.

కీమో తీసుకునేవాళ్ల వార్డు, కాలిన గాయాల వార్డు పక్కన గోడలు పగలగొట్టే పని జరుగుతుంటే ఇంకో ప్రమాదం. పాత గోడల దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు విత్తులుంటాయి. మామూలు మనిషిని అవి ఏమీ చేయవు. రోగనిరోధక శక్తి తగ్గినవాడి ఊపిరితిత్తుల్లో అవి మొలకెత్తుతాయి. పని జరిగే చోటును కప్పు దాకా మూసి, తడిపి పగలగొట్టాలి.

అగరొత్తితో మొదలుపెట్టొచ్చు

గాలి ఎటు పోతోందో చూడటానికి పెద్ద పరికరం అక్కర్లేదు. అగరొత్తి వెలిగించి డాక్టరు కుర్చీ దగ్గర పట్టుకుంటే పొగ దారి చూపిస్తుంది. పొగ డాక్టరు వైపు నుంచి రోగి మీదుగా కిటికీలోంచి బయటికి పోతే ఏర్పాటు సరిగ్గా ఉన్నట్టు. రోగి వైపు నుంచి డాక్టరు మొహం మీదికి వస్తుంటే బల్ల తిప్పుకోవాలి. ఇది రూపాయి ఖర్చు లేని మార్పు. రోజుకు వందమంది రోగుల్ని చూసే డాక్టరుకూ, పక్కన నిలబడే సిస్టరుకూ ఇది మాస్కు తర్వాత రెండో కాపు. పొగ కదలకుండా అక్కడే తారట్లాడితే ఆ గదికి ఎగ్జాస్ట్ కావాలి.

కొలిచి చూడాలంటే కార్బన్ డయాక్సైడ్ మీటరు చాలు. బయటి గాలిలో అది పది లక్షల భాగాలకు 420కి కొంచెం పైన ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో 40 వేల దాకా. ఓపీ హాల్లో 1,000 దాటితే, జనం వదిలిన ఊపిరి ఎక్కువ, వచ్చే గాలి తక్కువ అని అర్థం. అప్పుడు కిటికీలన్నా తెరవాలి, జనాన్నన్నా వరండాలోకి పంపాలి.

దగ్గుతో వచ్చినవాళ్లను వరుసలో వెనకాల నిలబెట్టకుండా, మాస్కు ఇచ్చి ముందే చూసి పంపిస్తే హాల్లో వాళ్లుండే సమయం తగ్గుతుంది. కఫం పరీక్షకు డబ్బా ఇచ్చినప్పుడు బాత్రూములోకో మూసిన గదిలోకో వెళ్లకూడదు, ఆరుబయట ఎవరూ లేని చోట తీయాలి. ఎండా గాలీ ఆ నలుసుల్ని చెదరగొడతాయి. ఒక్కో రోగికి ముగ్గురు నలుగురు తోడుండటం మన పద్ధతి. తోడు ఉండటం తప్పు కాదు. ఒకరు మంచం దగ్గర, మిగతావాళ్లు చెట్టు కింద ఉంటే వార్డులో ఊపిరి తీసేవాళ్లు సగానికి తగ్గుతారు.

ఆసుపత్రి పెద్దలకు మిగిలే పని ఇంకొకటుంది. ఏసీ మరమ్మతుకు ఏడాది ఒప్పందం రాసుకునే చోట కిటికీ గడియకూ, తుప్పు పట్టిన బందుకూ, జాలీ కడగడానికీ ఒక పద్దు రాయాలి. ఏ వార్డులో ఎన్ని కిటికీలున్నాయి, వాటిలో తెరుచుకునేవెన్ని, ఎగ్జాస్టులు ఎన్ని తిరుగుతున్నాయి అన్నది ఆక్సిజన్ సిలిండర్ల లెక్కలాగే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ రిజిస్టరులోకి ఎక్కాలి. కొత్త బ్లాకు నక్షా మీద సంతకం పెట్టేముందు ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్లు ఎక్కడ నుంచి వస్తాయని ఇంజనీరును అడగాలి. జవాబు కాగితం మీద అంకెగా వచ్చాకే పునాది తవ్వాలి.